రాతిగదిలో ద్రాక్షకల్లు

ఎమీల్ సాబ్ పెట్టెలను కూలీలు దించుతుండగా ఒక సీసా పగిలింది. ఆ సీసా పగలకపోయి ఉంటే భోజన్న బతుకంతా రాళ్లు కొట్టడంతోనే తెల్లారిపోయేది.

1980, మార్చి నెల. రాస్ అల్ ఖైమా ఊరికి ఎగువన, గడ్డిపోచ మొలవని కొండల కింద ఒక రాతిక్వారీ ఉండేది. దాని పెద్ద ఇంజనీరు ఎమీల్ ఫ్రాన్సు దేశస్థుడు. క్వారీకి అల్లంత దూరంలోనే అతని బంగళా. ఆ బంగళా వెనక కిటికీలు లేని చిన్న గది ఒకటి కట్టించుకున్నాడు. గోడలు మూరన్నర మందం, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. ఆ రాళ్లు మోసినవాళ్లలో భోజన్న ఒకడు. గది ఎందుకో ఎవరికీ తెలియదు. రాళ్లు పేల్చే మందుగుండు దాచడానికని కొందరు, బంగారం దాచడానికని కొందరు అనుకున్నారు.

చివరికి ఓడ మీద నుంచి ఆరు చెక్కపెట్టెలు వచ్చాయి. వాటి నిండా నల్లటి సీసాలు. మోస్తున్నవాళ్లలో ఒకడి చేతిలో పెట్టె అడుగుపలక ఊడి, ఒక సీసా రాతిమెట్టు మీద పడి పగిలింది. ఎర్రటి రసం ఎండలో చిందింది. అందరూ బెదిరి వెనక్కి జరిగారు. భోజన్న మాత్రం ముందుకు జరిగాడు. మెట్టు దగ్గర కూర్చుని, వంగి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏంటయ్యా అది, ముక్కు కోసుకుపోతాది, గాజుపెంకులున్నాయి" అన్నాడు దేవదానం. అతను సాబ్ ఇంట్లో వంటమనిషి. రాజోలు దగ్గరి మనిషి, యాభై ఏళ్లవాడు.

"దీన్ల మూడున్నయి అన్నా" అన్నాడు భోజన్న కళ్లు తెరవకుండానే.

"మూడేంటి?"

"మూడు తీర్లవి కలిపిన్రు. ఒకటి తియ్యగ, మెత్తగ ఉన్నది. ఒకటి మిరియాల తీరుగ ఘాటున్నది. ఇంకోటి అడుగుకున్నది, అది పైకి రాదు, తోలు వాసనొస్తున్నది."

ఎమీల్‌కు తెలుగు రాదు. కూలీల దగ్గర నేర్చుకున్న హిందీ కొంచెం వచ్చు. "క్యా బోల్తా హై?" అని దేవదానాన్ని అడిగాడు. దేవదానం తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. ఎమీల్ పగిలిన సీసా మాటే మరిచిపోయాడు. మెట్టు దిగివచ్చి భోజన్న పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముదీర్ అని పిలుచుకునే అంత పెద్ద అధికారి తమ పక్కన మట్టిలో కూర్చోవడం అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"ఈ ముక్కు నీకెక్కడిది?" అని అడిగించాడు.

భోజన్న ఏం చెప్పాలో తెలియక చేతులు తుడుచుకున్నాడు. "మాది గీత పని సాబ్" అన్నాడు.

నిజానికి అతని తాత, తండ్రి, అతను, ముగ్గురూ తాళ్లెక్కినవాళ్లే. నిర్మల్ దిక్కున గోదావరి ఒడ్డు ఊరు. పదిహేనో ఏట నడుముకు చెట్టెక్కే మోకు కట్టుకున్నాడు. పొద్దున్నే చెట్టు మీది కల్లులొట్టి దించగానే మూతి దగ్గర ముక్కు పెట్టి, ఇది తాటిచెట్లలో పోతుతాడు కల్లా, పరుపుతాడు కల్లా, పక్కనున్న ఈతచెట్టుదా అని చెప్పేవాడు. రెండు చెట్ల కల్లు ఒక్క లొట్టిలో పోస్తే ఏది ఎంతో కూడా చెప్పేవాడు. తర్వాత పోచంపాడు ఆనకట్ట నీళ్లు వెనక్కి ఎగదన్ని ఊరి తాటివనమంతా మునిగింది. నీళ్లలో నిలబడి చచ్చిపోయిన చెట్లను ఏడాదిపాటు చూశాడు. ఇక చూడలేక, భార్య కొమురవ్వను ఊళ్లో ఉంచి, 1977లో బొంబాయి మీదుగా దుబాయ్ దారి పట్టాడు. అప్పటికతనికి ముప్పై అయిదేళ్లు. చెట్టు లేని చోట గీతకార్మికుడి ముక్కుతో ఎవరికేం పని? మూడేళ్లుగా ఆ ముక్కులోకి వెళ్లింది రాతిదుమ్మే.

ఆ సాయంత్రమే ఎమీల్ అతన్ని క్వారీ నుంచి తీసి బంగళాలో పెట్టాడు.

దేవదానం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ సంగతంతా విప్పి చెప్పాడు. "సాబుగారి నాన్న ద్రాక్షతోట రైతంటయ్యా. వాళ్ల దేశానికి దక్షిణాన రోన్ అని ఒక నదుందంట, దాని పక్కన గుండ్రాళ్ల నేల. మూడు రకాల ద్రాక్షలు. గ్రెనాష్ ఒకటి, సిరా ఒకటి, ముర్వేద్ర్ అని ఇంకోటి. దేనికదే పిండి, పీపాల్లో పులియబెట్టి, ఆ తర్వాత కలుపుతారంట. డెబ్భై ఎనిమిదిలో పంట మా బాగా పండిందంట. ముసలాయన దాన్ని కలిపి, అది సీసాల్లోకి ఎక్కకముందే చచ్చిపోయాడు. ఆయన చేత్తో కలిపిన ఆఖరిదిది. తోట అమ్మేశారు. కొడుక్కి మిగిలింది ఇవే."

"మరి తాగక ఇక్కడికెందుకు తెచ్చిండు?"

"ముసలాయన పీపా మీద సుద్దతో రాసిపోయాడంట, పదేళ్లకి ముందు ముట్టుకోవద్దని. ఎనభై ఎనిమిది దాకా ఆగాలి."

భోజన్న కూరగాయల బుట్ట కింద పెట్టేశాడు. "పదేండ్లా?" అన్నాడు.

అతనికి నమ్మశక్యం కాలేదు. కల్లుకు ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున తేనె, మధ్యాహ్నం పులుపు, పొద్దుగూకేసరికి నిప్పు, మర్నాటికి పారబోయడమే. దించిన కల్లు పులిసిపోయేలోగా పరుగెత్తడమే తన కులం పనంతా. ఈ రసం పదేళ్లు బతుకుతుందా? బతికి బాగుపడుతుందా? ఎవరూ ముట్టుకోని, గాలి దూరని సీసాలో, చీకట్లో, దానంతటదే?

"నాకెర్కలేదు అన్నా. గట్లయితదా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

"మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చేది నేను తాగాను. అది తియ్యగా ఉంటాది, ఏడాది కూడా ఆగదు. ఇది వేరయ్యా" అన్నాడు దేవదానం.

మొదటి వారంలోనే భోజన్న ఒక పెద్ద తప్పు చేశాడు. గది ఊడ్వడానికి వెళ్లి చూస్తే సీసాలన్నీ పడుకోబెట్టి ఉన్నాయి. నిండు లొట్టిని ఎవరైనా పడుకోబెడతారా? ఎవరో తెలియక పెట్టారనుకుని డెబ్భై ఒక్క సీసాలనూ ఓపిగ్గా నిలబెట్టాడు. మధ్యాహ్నం ఎమీల్ వచ్చి చూసి నెత్తి పట్టుకుని కేకలు పెట్టాడు. మళ్లీ క్వారీయే అనుకున్నాడు భోజన్న. కానీ ఎమీల్ తేరుకుని, ఒక సీసాను ఎత్తి, దాని మూతిలోని బెరడు బిరడాను వేలితో చూపించాడు. పడుకుంటే బిరడా తడిగా ఉంటుంది, ఉబ్బి గాలిని రానివ్వదు. నిలబెడితే ఎండిపోతుంది, గాలి దూరుతుంది, ఖలాస్. ఇదంతా చేతులతోనే చెప్పాడు. భోజన్న ఆ సీసాలన్నిటినీ ఒక్కొక్కటిగా పసిపిల్లల్ని పండబెట్టినట్టు పండబెట్టాడు.

గదికి ఒక ఏసీ ఉంది, గోడకు వేడి కొలిచే పాదరసపు బుడ్డి ఒకటి ఉంది. బయట ఇనుపరేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేచే రోజుల్లో కూడా లోపల పద్ధెనిమిది డిగ్రీలు దాటకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, అంకె రాయడం భోజన్న పని. చదువు రాని భోజన్న అంకెలు అక్కడే నేర్చుకున్నాడు.

పదేళ్లు ఆగమన్నా ఎమీల్ పూర్తిగా ఆగలేకపోయాడు. ఏడాదికొక్క సీసా, డిసెంబరులో చలిగాలి తిరిగాక తెరిచి చూసేవాడు. ఎలా ఎదుగుతుందో తెలియాలి కదా అనేవాడు. ఆ ఏడాది డిసెంబరులో వరండాలో బల్ల వేయించి, భోజన్ననూ దేవదానాన్నీ పిలిచి, ముగ్గురికీ గ్లాసుల్లో పోశాడు. రంగు నేరేడుపండు రంగు, అంచున ఊదా. భోజన్న ఒక గుక్క నోట్లో పెట్టుకున్నాడు. పచ్చి తునికికాయ కొరికినట్టు నాలుక పిడచగట్టుకుపోయింది. మూడు ద్రాక్షలూ మూడు దిక్కులకు లాగుతున్నాయి.

"ముగ్గురు అన్నదమ్ములు పంపకం కాడ కొట్లాడినట్టున్నది సాబ్" అన్నాడు. దేవదానం ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి ఎమీల్ కడుపుబ్బా నవ్వి, తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

మరుసటి ఏడాది కొట్లాట కొంచెం తగ్గింది. ఎనభై రెండులో మాత్రం విచిత్రం జరిగింది. ఎమీల్ బిరడా లాగాడో లేదో, బల్లకు అవతల నిలబడ్డ భోజన్న మొహం చిట్లించాడు.

"సాబ్, గిది ఖరాబయింది. తడిసిన గోనెసంచి వాసనొస్తున్నది."

ఎమీల్ గ్లాసులో పోసి వాసన చూశాడు. అంతా బాగానే ఉందన్నాడు. తాగాడు, బాగానే ఉందన్నాడు. భోజన్న తన గ్లాసు ముట్టుకోలేదు. పావుగంట గడిచింది. ఎమీల్ మళ్లీ గ్లాసు ఎత్తి, ఈసారి ముక్కు దగ్గరే ఆపేశాడు. బిరడాలో పట్టిన బూజు కొన్ని సీసాలను అలా పాడుచేస్తుందట. ఆ వాసన ఆనవాలు పట్టడానికి తనకు పావుగంట పట్టింది, ఇతనికి బల్ల అవతలికే తెలిసింది. ఎమీల్ ఆ సీసాను పారబోసి ఇంకొకటి తెరిచి, ముందు భోజన్న చేతికిచ్చాడు. అప్పటినుంచి ఏ సీసా అయినా మొదటి వాసన భోజన్నదే.

ఎనభై నాలుగు ఆగస్టులో ఎమీల్ సెలవు మీద ఫ్రాన్సు వెళ్లాడు. అతను వెళ్లిన వారానికి ఒక పొద్దున క్వారీ జనరేటర్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, సామాను దుబాయ్ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుందన్నాడు. బంగళాకు కరెంటు కూడా దాని నుంచే, గదిలో ఏసీ చప్పుడు ఆగిపోయింది. పాదరసం పద్ధెనిమిది నుంచి పంతొమ్మిదికి, మధ్యాహ్నానికి ఇరవై రెండుకు ఎక్కింది.

"అన్నా, వేడి తగిలితే కల్లు పొంగినట్టు ఇదీ ఉడికిపోతది. నీకు బండి నడుపొస్తది కదా. చేపల రేవు కాడికి పోదాం పా" అన్నాడు.

రేవులో మంచు ఫ్యాక్టరీ ఉంది. చేపలకు మంచు అచ్చులు అక్కడే పోస్తారు. దాని మేస్త్రీ నెల్లూరు జిల్లా మనిషి ఖాదర్ హుస్సేన్. రెండు డజన్ల అచ్చులు కావాలంటే ఆశ్చర్యపోయి, "అంత చేపలెక్కడ పట్టారయ్యా మీరు?" అని అడిగాడు.

దేవదానం ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాడు. భోజన్న అడ్డుపడ్డాడు. "చేపలకు కాదు భాయ్. మా సాబ్ వాళ్ల నాయిన చేసిపోయిన ద్రాక్షకల్లు ఉన్నది. ఆయన సచ్చిపోయిండు. గిది ఉడికిపోతే ఇంక దొరకదు. నీకు పాపమనిపిస్తే ఇయ్యకు, మేం ఇంకో తావు చూస్కుంటం."

ఖాదర్ హుస్సేన్ గడ్డం గోక్కున్నాడు. "నేను నీళ్లు గడ్డకట్టించి ఇస్తాను. అంతవరకే నాకు తెలుసు. తండ్రి వస్తువంటున్నావు, ఎక్కించుకో, యల్లా, కానీయ్" అన్నాడు. అతనే గోనెపట్టాలు చుట్టి, రంపపు పొట్టు చల్లి అచ్చులు బండిలోకి ఎక్కించాడు.

నాలుగు రోజులూ రోజుకు రెండుసార్లు ఆ బండి రేవుకూ బంగళాకూ తిరిగింది. మంచును సీసాల దగ్గర పెట్టనివ్వలేదు భోజన్న. ఒక్కసారిగా చలి తగిలినా ప్రాణమున్న రసం బెదురుతుందని అతనికి తెలుసు. గోడల వెంట రేకు తొట్లలో పెట్టి, గుమ్మానికి తడిపిన గోనెలు వేలాడదీసి, కరిగిన నీళ్లు బకెట్లతో తోడిపోశాడు. చేతులు మొద్దుబారి, వేళ్లు పగిలి నెత్తురు కారినా ఆపలేదు. పాదరసం ఇరవై రెండు దాటి ఒక్క గీత కూడా ఎక్కలేదు. నాలుగో రోజు సాయంత్రం ఏసీ మళ్లీ గుర్రుమంటే దేవదానం మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. భోజన్న అంకె రాసి, గుమ్మం దగ్గరే నడుం వాల్చాడు.

సెలవు నుంచి వచ్చిన ఎమీల్ ఆ రోజుల అంకెలు చూశాడు. దేవదానం నోట కథ విన్నాడు. ఒక సీసా తెచ్చి తెరిచాడు. భోజన్న వాసన చూసి తలూపాక తను ఒక గుక్క తాగాడు, రసం చెడలేదు. తర్వాత భోజన్న రెండు చేతులూ తీసుకుని, మానుతున్న ఆ పగుళ్లను చూసి, వాటిని తన నుదుటికి ఆనించుకున్నాడు. భోజన్న సిగ్గుతో చచ్చిపోయాడు.

అలా ఏళ్లు గడిచాయి. ఏటా ఆ ఒక్క గుక్క కోసం భోజన్న ఏడాదంతా ఎదురుచూసేవాడు. అది తాగుడు మీద ఆశ కాదు. ముట్టుకోకుండా, కలపకుండా, ఎవరూ ఏమీ చేయకుండా లోపల అంత పని ఎలా జరుగుతోంది? ఊదా అంచు పోయి ఇటుకరంగు వచ్చింది. నేరేడు పోయి ఎండిన రేగుపండ్ల వాసన వచ్చింది. ఒక ఏడాది వామాకు నలిపినట్టు, మరో ఏడాది తొలకరికి తడిసిన మట్టిలాగా. ఒక ఏడాదైతే ఏ వాసనా లేకుండా మూగబోయింది. చచ్చిపోయిందేమోనని భోజన్న నెలల తరబడి దిగులుపడ్డాడు. మరుసటి డిసెంబరుకు అది మళ్లీ నోరు విప్పింది. సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు ఇదంతా కొమురవ్వకు చెప్పాడు. ఆమె చాట పక్కన పెట్టి విని, "అయితే అది సీసాల పెరుగుతున్న బిడ్డ అన్నట్టు" అంది. భోజన్న తను అన్నేళ్లు వెతికిన మాట ఆమె ఒక్క క్షణంలో చెప్పిందని మురిసిపోయాడు.

1988 డిసెంబరు. గడువు తీరింది. ఎమీల్ తల్లి ఫ్రాన్సు నుంచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నల్లబట్టలు, చేతికర్ర. వేళ్లు తాటినార లాగా గట్టిపడి ఉన్నాయి. అరవై ఏళ్లు ద్రాక్షగుత్తులు కోసిన చేతులవి. వచ్చిన రోజే రాతిగదిలోకి తీసుకెళ్లమంది. పడుకున్న సీసాల వరుసలు చూసి, చెయ్యి చాచి ఒకదాని పొట్ట నిమిరింది.

పాతబడిన వైన్ అడుగున మడ్డి పేరుకుంటుంది. అందుకని భోజన్న రెండు రోజుల ముందే ఒక సీసాను మెల్లగా లేపి నిలబెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం వరండాలో బల్ల వేశారు. భోజన్న వాసన చూసి, బాగుందని తలూపి, తనే గ్లాసుల్లోకి ఒంపాడు. మడ్డి కదలకుండా లొట్టి ఒంపే చెయ్యి అది. పలచని దారం లాగా రసం జారింది. సీసా అడుగున నల్లటి మడ్డి ఉన్నచోటే ఉండిపోయింది. ముసలమ్మ ఆ చేతినే చూస్తోంది. కొడుకుతో ఏదో అంది.

"మొదటి గ్లాసు నీదంట భోజన్నా" అన్నాడు దేవదానం, సాబ్ ఇంగ్లీషులో చెప్పింది విని. "వాళ్లూళ్లో అంతేనంట. ఎవరు కాపాడారో వాళ్లు తాగాకే ఇంట్లోవాళ్లు ముట్టుకుంటారంట."

"వద్దన్నా, అమ్మను తాగుమను."

ముసలమ్మ కర్రతో నేల మీద ఒకసారి కొట్టింది. మారు మాట్లాడేందుకు లేదు.

భోజన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎండిన ఇప్పపూలు, పొగాకు చుట్ట, తోలు, ఎక్కడో లోలోపల ఇంకా ఆరిపోని నేరేడు. అలవాటు కొద్దీ మూడింటినీ వెతికాడు. తియ్యటిది ఏది? మిరియాలది ఏది? అడుగునది ఏది? ఒక గుక్క తాగి, నోట్లో ఆపి, మళ్లీ వెతికాడు. దొరకలేదు. జీవితంలో మొదటిసారి అతని నాలుక దారి తప్పింది. మింగాక కూడా ఆ రుచి పోలేదు. కొండ అవతలికి వెళ్లిన మనిషి పిలుపు లాగా ఆగి ఆగి వస్తూనే ఉంది. ఒళ్లు గగుర్పొడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైందయ్యా? పాడైపోయిందా?" అని కంగారుపడ్డాడు దేవదానం.

"లేదన్నా. దీన్ల మూడు లేవు. ఒక్కటే ఉన్నది. దేనికి పేరు పెడ్దమన్నా దొరుకుతలేదు." అంటూనే గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ సీసాకు రెండు చేతులూ జోడించాడు.

ఆ మాట దేవదానం ఇంగ్లీషులో చెబితే, ఎమీల్ దాన్ని తన తల్లికి చెప్పాడు. ఆమె అప్పుడు తాగింది. భర్త పోయిన పదేళ్ల తర్వాత, ఆయన మనసులో అనుకున్న రుచి ఏమిటో ఆమెకు ఆ గుక్కలో తెలిసింది. ఏడవలేదు. కొండల వైపు తిరిగి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నాలుగు మాటలు అంది. వాటిని ఎమీల్ ఇంగ్లీషులో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నలుగురూ ఎండ వరండా దాటే వరకు అలాగే కూర్చున్నారు.

మరుసటి ఏడాది క్వారీ చేతులు మారింది, ఎమీల్ మిగిలిన సీసాలతో తన దేశానికి వెళ్లిపోయాడు. దేవదానం రాజోలు చేరుకున్నాడు. వెళ్లేముందు ఎమీల్ ఒక ఉత్తరం రాసి, భోజన్నను బర్ దుబాయ్‌లోని ఒక పెద్ద హోటలుకు పంపాడు. అక్కడి స్టోరు ముదీర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఎదురుగా నిలబడ్డ నెరిసిన జుట్టు మనిషిని ఎగాదిగా చూసి, నేలమాళిగ తలుపు తెరిచాడు. లోపల చల్లటి చీకట్లో వేల సీసాలు, పైకప్పు దాకా, కనుచూపు ఆనే దాకా పడుకుని ఉన్నాయి. అన్నిటికీ అన్ని పేర్లు, అన్ని ఏళ్లు. భోజన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇన్మేఁ సే కిత్నే జాన్తే హో?" అని అడిగాడు ముదీర్. వీటిలో ఎన్ని తెలుసని.

"ఏక్ హీ సాబ్" అన్నాడు భోజన్న. "ఉస్‌కో దస్ సాల్ లగా."

ఒక్కటే, దానికే పదేళ్లు పట్టిందన్నమాట. ముదీర్ నవ్వలేదు. తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.